కంటికి గ్రాఫిక్స్, చేతికి ఫ్రేమ్ రేటు

కన్సోల్ గేముల మీద నాకో పాత ఫిర్యాదుంది. ట్రైలర్లో బొమ్మ అదిరిపోతుంది. తీరా కంట్రోలర్ పట్టుకుంటే ఆట బరువుగా కదులుతుంది. సెకనుకి 60 ఫ్రేములు చూపించగల టీవీకి చాలా గేములు ఏళ్ళ తరబడి 30 మాత్రమే ఇస్తూ వచ్చాయి. "డెవలపర్లకి చేతకాదు" అని తేల్చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనొప్పుకోను. చేతకాక కాదు, లెక్క చూసుకునే అలా చేస్తారు.

సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేము గీయడానికి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. 30 చాలనుకుంటే 33.3. అంటే రెట్టింపు! నీడలు, నీళ్ళలో ప్రతిబింబాలు, వీధినిండా జనం, ఇవన్నీ ఆ అదనపు సమయంలో పట్టించొచ్చు. పీసీలో అయితే మనమే సెట్టింగులు తగ్గించి వేగం పెంచుకుంటాం. కన్సోలేమో బిగించిన పెట్టె. ఏది తగ్గించాలో మన తరఫున డెవలపరే తేల్చేస్తాడు.

మరి కోత ఎప్పుడూ ఫ్రేమ్ రేటుకే ఎందుకు? అది పోస్టరు మీద కనబడదు కాబట్టి. పత్రికలో వేసే స్క్రీన్‌షాట్‌కి అసలు ఫ్రేమ్ రేటే ఉండదు. యూట్యూబ్‌లో 60 ఫ్రేముల వీడియోలు మొదలైందే 2014లో. అంతకుముందు 60తో నడిచే గేమైనా అక్కడ 30 లాగే కనిపించేది. గ్రాఫిక్స్ కొనకముందే కనిపిస్తాయి, వేగం కొన్నాక గానీ తెలియదు. డబ్బులు కట్టేది ముందే కదా!

ఈ సంగతిని దాచుకోకుండా చెప్పింది రాచెట్ అండ్ క్లాంక్ గేములు తీసే ఇన్‌సోమ్నియాక్ కంపెనీ. అక్కడి ఇంజనీరు మైక్ ఆక్టన్ 2009లో రాసిన దాని సారాంశం ఇది: రివ్యూలు పరిశీలిస్తే గ్రాఫిక్స్ మార్కులకీ మొత్తం మార్కులకీ సంబంధం ఉంది. ఫ్రేమ్ రేటుకి మాత్రం అటు మార్కులతోగానీ ఇటు అమ్మకాలతోగానీ సంబంధం కనబడలేదు. కాబట్టి ఇకమీదట తమ గేములు 60 మీద నడవకపోవచ్చు. చదివినప్పుడు ఒళ్ళు మండింది గానీ, వ్యాపారపరంగా తప్పు పట్టలేకపోయాను.

అయితే అందరూ ఆ దారిన పోలేదు. 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 4నే తీసుకోండి. 60 ఫ్రేములు నిలబెట్టుకోవడం కోసం రిజల్యూషన్‌ని 1024x600కి తగ్గించుకున్నారు. గేము విరగబడి అమ్ముడుపోయింది. తుపాకీ గురి పెట్టే ఆటలో బటన్ నొక్కగానే స్పందించడమే ప్రాణం అని వాళ్ళకి తెలుసు.

హార్డ్‌వేర్ వైపూ ఒక చిక్కుంది, అదీ చెప్పుకోవాలి. 2016లో వచ్చిన ప్లేస్టేషన్ 4 ప్రోలో గ్రాఫిక్స్ చిప్ బలం రెట్టింపు దాటింది. ప్రాసెసర్ వేగం మాత్రం 1.6 నుంచి 2.1 గిగాహెర్ట్జ్‌కే పెరిగింది. ప్రాసెసర్ దగ్గరే ఆగిపోతున్న గేముని 30 నుంచి 60కి ఎలా లాగుతారు? లాగలేరు. దాంతో ఆ అదనపు బలమంతా 4కె బొమ్మకే పోయింది.

2020లో ప్లేస్టేషన్ 5 వచ్చాక ప్రాసెసర్ బాగుపడింది. "క్వాలిటీ కావాలా, పెర్ఫార్మెన్స్ కావాలా?" అని చాలా గేములు ఆడేవాణ్ణే అడగడం మొదలుపెట్టాయి. 2021లో అదే ఇన్‌సోమ్నియాక్ తన కొత్త రాచెట్ గేములో 60 ఫ్రేముల మోడ్ కూడా ఇచ్చింది. ఇక 2024 సెప్టెంబరులో సోనీ తరఫున మార్క్ సెర్నీ చెప్పిన మాట వినండి: ఎంచుకోమంటే దాదాపు నాలుగింట మూడొంతులు జనం పెర్ఫార్మెన్సే ఎంచుకుంటున్నారట!

మరి 2009 నాటి లెక్క తప్పా? తప్పు కాదు. కాకపోతే అది "ఏది చూసి కొంటారు?" అన్న ప్రశ్నకి జవాబు. "ఎలా ఆడాలనుకుంటారు?" అని అప్పట్లో ఎవరూ అడగలేదు. అడగనిదానికి జనం జవాబు చెప్పలేదని, జనానికి అక్కర్లేదనుకోవడమే పొరపాటు.

మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోనూ ఇదే తంతు. డెమోలో మెరిసే స్క్రీన్‌కి చప్పట్లు పడతాయి. అది తెరుచుకోవడానికి పట్టే ఆరు సెకన్లని ఎవరూ స్లైడులో పెట్టరు. రోజూ దాంతో పనిచేసేవాడు మాత్రం ఆ ఆరు సెకన్లనీ రోజుకి యాభైసార్లు భరిస్తాడు. కొనేవాడు వేరు, వాడేవాడు వేరు అయినచోట ఇది ఇంకా ఘోరం.

నా మటుకు నేను నీడలు కాస్త తగ్గినా పర్లేదు, 60కే ఓటేస్తాను. మరి మీరో?