దుబాయి ఎంత దూరం?

మా జక్రాన్‌పల్లి చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్లినా, గల్ఫ్ దేశాలకు బిడ్డను పంపిన ఇల్లు కనిపిస్తుంది. మా ఇల్లూ అటువంటిదే. మా పెద్దబ్బాయి దుబాయిలో పని చేస్తున్నాడు. వాడు బయలుదేరిన రోజున మా అవ్వ అడిగింది: "దుబాయి ఎంత దూరం బిడ్డా? బోధన్ కంటె దూరమా?"

అవ్వ పుట్టిల్లు బోధన్ దగ్గర. ఆ రోజుల్లో ఎడ్లబండి మీద రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారేసరికి ఇక్కడికి చేరేవారట. "నీ బండికి పట్టినంత సేపు పట్టదు నాయనమ్మా, నాలుగు గంటలే" అని వాడు నవ్వాడు.

వాడన్నది నిజమే. హైదరాబాదు నుండి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. లేవడానికి, దిగడానికి పట్టే సమయంతో కలిపి దాదాపు 4 గంటలు. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనుక నుండి తోస్తుంది గనుక సాధారణంగా కొంత తక్కువ పడుతుంది. దుబాయి గడియారం మనకంటె గంటన్నర వెనుక. ఇక్కడ రాత్రి 9 గంటలకు లేచిన విమానం అక్కడి గడియారంలో పదకొండున్నరకే దిగుతుంది. ఫోను చేసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంటి గడప నుండి లెక్కిస్తే వేరు. ఒకప్పుడు మనవాళ్లు బొంబాయి వెళ్లి విమానం ఎక్కేవారు. తరువాత బేగంపేట నుండి, 2008 మార్చి నుండి శంషాబాదు నుండి వెళ్తున్నారు. కామారెడ్డి, రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్ దాటి, నగరాన్ని చుట్టి పోతే దాదాపు 200 కిలోమీటర్లు, నాలుగు గంటలు. విమానానికి మూడు గంటల ముందే చేరాలి. అన్నీ కలిపితే పదకొండు గంటలు. అవ్వ బండి ప్రయాణమూ అంతే!

విమానాశ్రయం కోసం ప్రభుత్వం ప్రతిపాదించిన చోట్లలో మా జక్రాన్‌పల్లి ఒకటి. ఆ మాట విని అవ్వ, "అయితే మనుమడు మన చేను పక్కనే దిగుతాడా?" అని మురిసిపోయింది. చిన్న విమానాశ్రయం వచ్చినంత మాత్రాన దుబాయి విమానం ఇక్కడే దిగుతుందని అనుకోలేమని ఆమెకు చెప్పలేకపోయాము.

ఒక తెల్లవారుజామున అవ్వ కన్నుమూసింది. వెంటనే ఫోను చేశాము. "రేపటికల్లా వస్తా బాపూ, ఆపండి" అని వాడు ఏడ్చాడు. కాని వాడి పాస్‌పోర్టు యజమాని పెట్టెలో ఉంది. అది, సెలవు కాగితం చేతికి వచ్చేసరికి మూడు రోజులు గడిచాయి. రెండు రోజులు ఆపి, మూడవ రోజు భూస్థాపన చేశాము. నాలుగవ రోజు వాడు దిగి, ఇంటికి రాకుండా నేరుగా సమాధి దగ్గరికే వెళ్లాడు.

బిడ్డలను పంపే తలిదండ్రులారా, పాస్‌పోర్టు మనిషి దగ్గరే ఉండాలి. యజమాని దానిని ఉంచుకోవడం అక్కడి చట్టానికీ విరుద్ధమే. బిడ్డ వెళ్లకముందే ఈ మాట చెప్పండి. దాని నకలు ఒకటి ఇంట్లో దాచండి. మాకు ఇవి చెప్పినవారు లేరు.

తిరిగి వెళ్లేనాడు వాడు పాస్‌పోర్టును చొక్కా లోపలి జేబులో పెట్టి, గుండీ వేసుకున్నాడు.