తీసుకున్న భూమికి గడువు ఉండాలి

ప్రియమైన పాఠకులకు,

పోయిన నెల ఉత్తరం అందాక మీలో చాలామంది ఇంచుమించు ఒకే సంగతి అడిగారు. కొప్పర్తిలో, ఓర్వకల్లులో పరిశ్రమలు వస్తున్నాయి, మన పిల్లలు బెంగళూరు పోకుండా ఇక్కడే ఉద్యోగాలు చేసుకుంటారు, మరి భూములు పోయిన రైతుల గురించి మీకు ఇంత దిగులెందుకు అని. కొందరు ప్రేమగా అడిగారు, కొందరు కాస్త కోపంగా అడిగారు. అందరికీ కలిపి ఈ నెల జవాబు రాస్తున్నాను.

ఫ్యాక్టరీలు వద్దనే మనిషిని కాను. కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి ఏటా ఎంతమంది మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కు పోతారో మీకు తెలుసు. ఇంటికి తాళం పడుతుంది, లేకపోతే ముసలివాళ్ళ దగ్గర పిల్లల్ని వదిలిపెడతారు. బడి మధ్యలో ఆగిపోతుంది. ఆ వలస ఆగాలంటే వానను నమ్ముకున్న సేద్యం ఒక్కటే చాలదు. కాబట్టి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నగరాలకు అనుమతిచ్చి, అందులో రెండు మన సీమకు ఇచ్చినప్పుడు నాకూ సంతోషమే కలిగింది. కడప పక్కన కొప్పర్తి విశాఖ–చెన్నై కారిడార్‌లో, 2,596 ఎకరాలు, 2,137 కోట్లు. కర్నూలు పక్కన ఓర్వకల్లు హైదరాబాద్–బెంగళూరు కారిడార్‌లో, 2,621 ఎకరాలు, 2,786 కోట్లు. 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలు వచ్చి రెండింటి పనులకూ శంకుస్థాపన చేశారు. రెండు చోట్లా కలిపి లక్ష ఉద్యోగాలు వస్తాయన్నారు. రావాలనే కోరుకుంటున్నాను.

నా దిగులు వేరేచోట ఉంది. భూమి తీసుకున్న రోజుకీ, దాని మీద పని మొదలయ్యే రోజుకీ మధ్య ఎన్నేళ్ళు పోతాయి? ఆ ఏళ్ళు ఎవరి ఖాతాలో పడతాయి? మన దగ్గర ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే జమ్మలమడుగు పోవాలి.

2007 జూన్‌లో జమ్మలమడుగు మండలం అంబవరం దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. ఆ కంపెనీకి ప్రభుత్వం 10,760 ఎకరాలు ఇచ్చింది, ఎకరా 18 వేల రూపాయల లెక్కన. ఉక్కు తయారు కాలేదు. కంపెనీ అధినేత గాలి జనార్దనరెడ్డి 2011లో గనుల కేసులో అరెస్టయ్యారు, 2013లో ప్రభుత్వం ఆ కేటాయింపు రద్దు చేసింది. 2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే సంగతి పరిశీలించాలని కేంద్ర సంస్థ సెయిల్‌కు చెప్పారు. అదీ కదల్లేదు. 2018 డిసెంబరు 27న చంద్రబాబు నాయుడు మైలవరం మండలం కంబాలదిన్నె దగ్గర ఇంకో రాయి వేశారు. దాదాపు ఏడాదికి, 2019 డిసెంబరు 23న, జగన్‌మోహన్‌రెడ్డి సున్నపురాళ్ళపల్లె దగ్గర మరోటి వేశారు. 2023 ఫిబ్రవరి 15న అదే చోట జేఎస్‌డబ్ల్యూ సంస్థతో కలిసి మళ్ళీ ఇంకో శంకుస్థాపన.

నాలుగు రాళ్ళు, నాలుగు సభలు. 2007లో ఆ సభకు పదేళ్ళ పిల్లవాడిగా తండ్రి వెంట పోయినవాడు ఇప్పుడు ముప్పయికి దగ్గరపడ్డాడు. ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఐటీఐ చదివినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు. చదివిన చదువు పట్టుకుని వాళ్ళు వేరే రాష్ట్రాలకు పోయారు. ఈ ఏళ్ళన్నింటిలో ఆ భూమి పంట పండించలేదు, ఇనుము కరిగించలేదు.

అదంతా ప్రభుత్వ భూమే కదా, రైతుకు పోయిందేముంది అని మీరు అడగవచ్చు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. సీమలో పరిశ్రమల కోసం చూసే భూమిలో ప్రభుత్వ భూములు, డీకేటీ పట్టాల భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు, ఎక్కువగా ఉంటాయి. కాగితం మీద ప్రభుత్వానిదే అయినా వాటి మీద మూడు నాలుగు రకాల బతుకులు నడుస్తుంటాయి. తాతల నాటి నుంచి శివాయి జమా కట్టి దున్నుకునేవాళ్ళు ఉంటారు. ఇందిరమ్మ కాలంలో పట్టా తీసుకున్న దళిత కుటుంబాలు ఉంటాయి. పట్టా లేకుండా గుత్తకు చేసేవాళ్ళు ఉంటారు. జీవాలు తోలుకునేవాళ్ళు సరేసరి. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేలలో ఒక కుటుంబం ఒక్క పంట మీద బతకదు. ఓ ఏడు వేరుశనగ పోతే కంది నిలబెడుతుంది. కందీ పోతే గొర్రెలు అమ్ముకుంటారు. ఆ గొర్రెలు మేసేది ఈ "ఖాళీ" భూమిలోనే. దాని చుట్టూ కంచె వేసిన రోజు రికార్డులో ఎవరి పేరూ కొట్టేయరు. కానీ ఆ ఊళ్ళో మందలు తగ్గిపోతాయి, కరువులో ఆదుకునే చివరి ఆధారం తెగిపోతుంది. దానికి పరిహారం రాసే గడి ఏ ఫారంలోనూ లేదు.

డీకేటీ పట్టా ఉన్నవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1977 నాటి చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్ముకునే హక్కు ఉండేది కాదు. ఆ ఒక్క కారణం చూపి చాలాకాలం వాళ్ళకు పట్టా రైతుల కంటే తక్కువ ఇచ్చేవాళ్ళు, లేదా చెట్టూ బావీ ఖరీదు కట్టి పంపేవాళ్ళు. మేకల పాండు కేసులో 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకూ పట్టా రైతుతో సమానంగానే పరిహారం ఇవ్వాలని చెప్పింది. తీర్పు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆ సంగతి తెలియక సంతకం పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. మీకు తెలిసినవాళ్ళలో డీకేటీ భూమి ఉన్నవాళ్ళుంటే దయచేసి ఈ పేరా చదివి వినిపించండి.

ఇక డబ్బు లెక్క. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం, 1894 నాటి పాత చట్టం కంటే ఎన్నో రెట్లు మేలు. మార్కెట్ విలువను పల్లెల్లో ఒకటి నుంచి రెండు మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు. చెట్లు, బోర్లు, బావుల ఖరీదు కలుపుతారు. దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, ఇస్తారు. వినడానికి బాగుంటుంది. చిక్కంతా మొదటి అంకె దగ్గరే. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువనో, ఆ చుట్టుపక్కల మూడేళ్ళలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికినవాటి సగటునో మార్కెట్ విలువ కింద పట్టుకుంటారు. మెట్ట పల్లెల్లో చేను అమ్మడం అరుదు. అమ్మినా స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి దస్తావేజులో తక్కువ రాయిస్తారు. అలా ఒకప్పుడు ఆదా చేసిన కొన్ని వేలు, భూమి పోయేనాడు లక్షల నష్టమై ఊరందరి మీదా పడతాయి. పరిశ్రమ వస్తుందన్న వార్త పొక్కగానే రోడ్డు వెంట భూముల ధర ఒక్కసారిగా లేస్తుంది. పరిహారం చేతికొచ్చేసరికి పోయిన అయిదెకరాలకు బదులు అక్కడ ఎకరా కూడా రాదు. చేతిలో పడిన డబ్బు బోర్ల అప్పుకు కొంత, కూతురి పెళ్ళికి కొంత, కొడుకుల పంపకాలకు కొంత పోతుంది. సంతకం చేసింది మగవాడు, చెక్కు మగవాడి పేరు మీదే. కాయలు కోసి, కలుపు తీసి రోజుకూలి తెచ్చిన ఆడమనిషికి ఆ చేను పోతే పని పోయినట్టే. ఆమె పేరు ఎక్కడా ఉండదు.

చట్టం ఆమెను మరచిపోలేదని కూడా చెప్పాలి. భూమి లేని కూలీలు, గుత్తరైతులు, చేతివృత్తులవాళ్ళు మూడేళ్ళుగా ఆ భూమి మీదే బతుకుతుంటే వాళ్ళూ బాధిత కుటుంబాలే అని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆ లెక్క ఊరందరి ఎదుట, భూమి తీసుకోక ముందే తేలాల్సింది సామాజిక ప్రభావ అంచనాలో. కానీ 2018లో మన రాష్ట్రం చేసిన సవరణ ప్రకారం పారిశ్రామిక కారిడార్లను ఆ అంచనా నుంచి తప్పించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. మన జిల్లాలకు వచ్చేవి కారిడార్లే. పనులు త్వరగా కావాలనే ఆ సవరణ చేశామంటారు. జమ్మలమడుగులో పోయిన ఏళ్ళు రైతు ఆలస్యం చేసినందువల్ల పోలేదు.

అదే కేంద్ర చట్టంలో 101వ సెక్షన్ ఒకటుంది. ఆ చట్టం కింద తీసుకున్న భూమి స్వాధీనం చేసుకున్న అయిదేళ్ళ దాకా వాడకపోతే పాత యజమానికి గానీ వారసులకు గానీ తిరిగివ్వాలి, లేదా ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకులో చేర్చాలి. ఆ "లేదా" దగ్గరే రైతు ఓడిపోతాడు, ఎందుకంటే రెండింట్లో ఏది చేయాలో తేల్చేది తీసుకున్నవాళ్ళే. ఇంకా 102వ సెక్షన్ ఉంది. ఏ అభివృద్ధీ చేయకుండా ఆ భూమిని అయిదేళ్ళలోపు ఎక్కువ ధరకు ఇంకొకరికి మార్చితే పెరిగిన విలువలో 40 శాతం పాత రైతులకు పంచాలి. ఈ రెండూ గ్రామసభలో చదివి వినిపించిన అధికారిని నేను చూడలేదు. హిందూపురం దగ్గర చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు పోయాయి. హబ్ రాలేదు, అందులో వేల ఎకరాలు బ్యాంకుల్లో తనఖాకు పోయాయి. పాత చట్టం నాటివి కాబట్టి బ్రహ్మణికి, లేపాక్షికి 101 వర్తించదంటారు. సరే, కాగితం ప్రకారం వర్తించదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, లోహండిగూడ దగ్గర టాటా ఉక్కు కర్మాగారం కోసం తీసుకున్న భూమిని, ఫ్యాక్టరీ రాకపోయేసరికి 2019లో ఆదివాసీ రైతులకు వెనక్కిచ్చారు. అదీ పాత చట్టం కింద తీసుకున్నదే. ప్రభుత్వం ఇవ్వదలుచుకుంటే దారి ఉంటుంది.

కర్నూలు పాఠకులకు ఇదంతా చెప్పనక్కర్లేదేమో. 1981లో శ్రీశైలం నీళ్ళు పైకి వచ్చినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. ఇంటికొక ఉద్యోగం అంటూ 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ఆ జీవో పట్టుకుని తండ్రులు తిరిగారు, తర్వాత కొడుకులు తిరిగారు. అందుకే ఓర్వకల్లులో "ఉద్యోగం ఇస్తాం" అన్నప్పుడు నడివయసువాళ్ళ ముఖంలో నమ్మకం కనిపించకపోతే వాళ్ళను తప్పుపట్టకండి.

ఓర్వకల్లు పక్కనే గని, శకునాల ఊళ్ళ దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. దాదాపు 5,900 ఎకరాలు, 2017లో పూర్తయింది. అది చెప్పిన పని చేసి చూపించింది, కరెంటు ఇస్తోంది. అయితే పలకలు బిగించే రోజులు అయిపోయాక అంత విస్తీర్ణానికి మిగిలే పని పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం. మన సరిహద్దు దాటితే పావగడ ఉంది, కర్ణాటకే అయినా ఇంట్లో తెలుగు మాట్లాడే ఊళ్ళు అక్కడ ఎన్నో. అక్కడి సోలార్ పార్కు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. నేల మన నేలలాంటిదే, కరువు మన కరువే. అక్కడ రైతుల దగ్గర భూమి కొనలేదు. 28 ఏళ్ళకు గుత్తకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెంపు. అక్కడా కూలీలకు, జీవాలు కాసేవాళ్ళకు న్యాయం జరగలేదు, ఆ మాట దాచను. కానీ పట్టా రైతు పేరు మీదే ఉంది, గడువు తీరాక చేను ఆ ఇంటికే వస్తుంది. గని, శకునాలలో అలా ఎందుకు చేయలేదన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఉక్కు కర్మాగారానికి గుత్త కుదరదని ఒప్పుకుంటాను, వందల కోట్ల యంత్రాలు గుత్త నేల మీద ఎవరూ పెట్టరు. అలాంటిచోట కనీసం ఇంత చేయవచ్చు. కావలసిన భూమిని ఒకేసారి కాకుండా విడతలుగా తీసుకోవాలి, మొదటి విడతలో పునాదులు లేచాకే రెండో విడత జోలికి పోవాలి. తీసుకున్నాక కూడా కంపెనీ వచ్చి కంచె వేసేదాకా పాత రైతునే దున్నుకోనివ్వాలి, మందల్ని మేయనివ్వాలి. బుడ్డశనగ మూడు నాలుగు నెలల పంట. ఒక్క కారు అయినా ఇంటికొస్తే అది మేలే, దానివల్ల ఏ కారిడారూ ఆగిపోదు. పరిశ్రమలకు భూములిచ్చే రాష్ట్ర సంస్థ ఏపీఐఐసీ ఏటా సర్వే నంబర్ల వారీగా ఎంత భూమి వాడారో, ఎంత ఊరికే పడి ఉందో పంచాయతీ గోడకు అంటించాలి. అయిదేళ్ళు దాటినదాన్ని తిరిగివ్వడానికి రైతు కోర్టు చుట్టూ తిరిగే పని పెట్టకూడదు.

ఒక సహాయం అడుగుతున్నాను. మీ ఊళ్ళో పరిశ్రమ పేరు మీద పోయిన భూమి ఉంటే ఎప్పుడు పోయింది, ఎన్ని ఎకరాలు, ఇప్పుడు దాని మీద ఏముంది రాసి పంపండి. పట్టా కాగితాలు పంపవద్దు, పేర్లూ వద్దు, మండలం, ఊరు చాలు. గుత్తకు చేసినవాళ్ళు, జీవాలు కాసేవాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళో మీకు గుర్తున్నంత మేరకు అదీ రాయండి, ఎందుకంటే ఆ లెక్క ఇంకెవరి దగ్గరా ఉండదు. చదువురాని పెద్దవాళ్ళు చెప్తుంటే పిల్లల చేత రాయించినా సరే. వచ్చే నెల ఉత్తరంలో కొప్పర్తి చుట్టుపక్కల ఊళ్ళతో మొదలుపెడతాను.

ఇట్లు,
మీ సంపాదకుడు