ఫైరాఫీసు అంటే ఏది?

సాత్తూరులో బస్సు దిగి, వెంబకోట్టైకి బయల్దేరే ముందు టీ కొట్టు దగ్గర ఫైరాఫీసు ఎక్కడని అడిగాను. "ఏ ఫైరాఫీసు సామీ?" అని ఎదురు ప్రశ్న వచ్చింది. తప్పు నాదే. ఇక్కడ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని తీప్పెట్టి ఆఫీసంటారు, బాణసంచా ఫ్యాక్టరీని ఫైరాఫీసంటారు. మంటలార్పే వాళ్లు కావాలంటే 'తీయణైప్పు' అనాలి.

వెంబకోట్టై విరుదునగర్ జిల్లాలో వైప్పారు ఒడ్డున ఉన్న తాలూకా కేంద్రం. చుట్టూ కరిసల్ భూమి, అంటే మన నల్లరేగడి. వాన పడితే పంట, లేకపోతే లేదు. 1920ల మొదట్లో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చారు. పంటకు పనికిరాని ఎండే మందు ఆరబెట్టడానికి అక్కరకొచ్చింది. ఆ పని వెనకే బాణసంచా వచ్చింది. ఈ పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు తక్కువేమీ కాదు. ఊరి పేర్లలోనే నాయక్కన్‌పట్టిలు కనిపిస్తాయి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చిన కథను 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారాయన.

రోడ్డు మీది నుంచి చూస్తే ఫైరాఫీసు ఫ్యాక్టరీలా ఉండదు. వేపచెట్ల మధ్య దూరదూరంగా విసిరేసినట్టు చిన్న చిన్న గదులు, ఒక్కోదానికి ఎటు చూసినా తలుపులు. ఒక గది పేలితే పక్కది అంటుకోకూడదని ఆ ఎడం, లోపలివాళ్లు ఏ వైపు నుంచైనా బయటపడాలని ఆ తలుపులు. ఒక గదిలో నలుగురికి మించి కూర్చోకూడదు. ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోవడానికి గుమ్మం దగ్గర లోహపు రేకును ముట్టుకుని లోపలికి వెళ్లాలి. నైలాను బట్టలు పనికిరావు, నూలువే కట్టుకోవాలి. మందు కలిపే పని ఎండ ముదరక ముందే ముగించాలి. ఈ మందు అన్న మాట తమిళంలోనూ అంతే, 'మరుందు'. ఒంటికి వేసుకునేదీ అదే, ఊరిని లేపేసేదీ అదే.

నియమాలకు కొరత లేదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది, 2008 నాటి నిబంధనలు ఉన్నాయి. లైసెన్సు ఒకరి పేరున ఉంటుంది, గదులు మాత్రం చేతులు మారి నలుగురైదుగురు ఉపగుత్తేదారుల కిందికి పోతాయి. నలుగురుండాల్సిన చోట పదిమంది, గదిలో కాక చెట్టు కింద పని. 2021 ఫిబ్రవరి 12న అచ్చంకుళం ఫ్యాక్టరీలో పేలుడుకు 20 మందికి పైగా పోయారు. 2024 ఫిబ్రవరి 17న వెంబకోట్టై దగ్గరి రాముదేవన్‌పట్టిలో పదిమంది. దీపావళి ఆర్డర్లు ముంచుకొచ్చే రోజుల్లో గదుల లెక్కలు ఎవరికీ గుర్తుండవు.

నేను వచ్చింది మాత్రం మరొక ప్రశ్నతో. పేలుడు వినగానే ముందు పరుగెత్తేదెవరు? చిలీలో మంటలార్పే పనికి పల్లె పల్లెకూ జీతం లేని దళాలున్నాయి. 1851లో వాల్పరైసోలో మొదలైన ఆ పద్ధతి నేటికీ దేశమంతా నడుస్తోంది. ఇక్కడ అలాంటి దళం లేదు. సాత్తూరు నుంచో శివకాశి నుంచో ప్రభుత్వ బండి వచ్చేలోగా అక్కడుండేది పక్క చేలో పనిచేసే రైతు, రోడ్డున పోయే మోటార్‌సైకిలతను, లోపల చెల్లెలు పనిచేస్తున్న అన్న. పేరు పెట్టని స్వచ్ఛంద దళం వాళ్లే.

2012 సెప్టెంబర్ 5న ముదలిపట్టి బాణసంచా ఫ్యాక్టరీలో ఆ దళమే ఎక్కువగా బలైంది. మొదటి పేలుడు చప్పుడుకు చుట్టుపక్కల జనం పరుగెత్తుకొచ్చారు. కొందరు లోపలివాళ్లను లాగడానికి, కొందరు చూడటానికి. అంతలో నిల్వ ఉన్న సరుకు అంటుకుంది. చనిపోయిన దాదాపు 40 మందిలో చాలామంది ఆ ఫ్యాక్టరీ కూలీలు కారు. బొంబాయి రేవులో 1944 ఏప్రిల్ 14న జరిగిందీ ఇదే. 'ఫోర్ట్ స్టికైన్' ఓడలో మంటలార్పడానికి దిగిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది పేలుళ్లకు బలయ్యారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి జరిపే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల జ్ఞాపకార్థమే.

కనుక ఈ తాలూకాలో స్వచ్ఛంద దళానికి మొదట నేర్పాల్సింది ఆర్పడం కాదు, ఆగడం. చిన్న గడ్డి మంటకు బిందె నీళ్లు చాలు, దుప్పటి కప్పితే ఊపిరాడక చావొచ్చు. బాణసంచా మందుకు ఊపిరి బయటి నుంచి అక్కర్లేదు. పొటాషియం నైట్రేట్ రూపంలో ప్రాణవాయువును కడుపులో పెట్టుకునే పుడుతుంది. అల్యూమినియం పొడి కలిసిన మందు తడిస్తే తనంతట తానే వేడెక్కుతుంది, హైడ్రోజన్ వదులుతుంది. అనుభవమున్న చేతులు వానాకాలాన్ని నమ్మకపోవడం ఇందుకే. ఊరివాడు చేయదగ్గ పనులు ఫ్యాక్టరీ గేటు బయటే ఉన్నాయి: 101కో 112కో ఫోను చేయడం, బండికి దారి ఖాళీ చేయించడం, జనాన్ని వెనక్కి నెట్టడం, బయటపడ్డ వాళ్ల కాలిన ఒంటి మీద ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు పోయడం. పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏదీ రాయకూడదు. 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇవ్వడానికి తలపెట్టిన 'ఆపద మిత్ర' పథకం ఇలాంటి పల్లెల కోసమే పుట్టినట్టుంది. అయితే వరద శిక్షణ వేరు, మందు శిక్షణ వేరు.

ఇళ్ల సంగతి ఇంకా చిక్కు. ఈ వైపు కరుందిరి అనే నల్లవత్తిని చాటుగా ఇళ్లలో చుడతారు. చట్టం ఒప్పుకోదు, పట్టుబడ్డ కేసులు తరచూ పేపర్లో వస్తాయి. వంటగదికి నాలుగడుగుల్లో వత్తుల కట్టలుంటే ఏ అగ్నిమాపక సలహా పనిచేస్తుంది? సిలిండర్ గ్యాసు గాలి కంటే బరువు కనుక నేల మీదే పరుచుకుంటుంది, వాసన వస్తే స్విచ్చు జోలికి పోకుండా రెగ్యులేటరు ఆపి తలుపులు తీయాలి. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత పెట్టాలి. ఇవన్నీ మందు లేని ఇంటి మాటలు. కూలి కోసం ఇంటికి నిప్పును పిలుచుకునే వాళ్లకు ముందు కావాల్సింది మరో కూలిపని.

సాయంత్రం షిఫ్టు విడిచారు. వ్యాన్లు ఊరి మొగలో ఆడవాళ్లను దింపుతున్నాయి. మోచేతుల దాకా అల్యూమినియం పొడి పట్టి వెండి తొడుగులేసుకున్నట్టున్నారు. వాళ్లలో ఒకావిడ ఇంట్లోకి పోకుండా వాకిట్లో కుళాయి దగ్గరే ఆగింది. చేతులు, ముఖం, చీర కుచ్చిళ్లు కడుక్కుని, తలకు కట్టుకున్న గుడ్డను దులిపి బయటి తీగ మీదే ఆరేసింది. తర్వాతే పొయ్యి వెలిగించడానికి లోపలికెళ్లింది.