ఆ కథ పేరేంటి? అబిడ్స్‌లో ఒక ఆదివారం

హైదరాబాద్‌లో అబిడ్స్‌ని ఆదివారం పొద్దున చూడాలి. మిగతా ఆరు రోజులూ బట్టల షాపులు, చెప్పుల షాపులు, ఆగకుండా హారన్లు. ఆదివారం షట్టర్లు దించేసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పుస్తకాలే. ఎంట్రన్స్ గైడ్ల పక్కన వంటల పుస్తకాలు, వాటి మీద పాత ఇంగ్లిష్ నవలలు. ఇక్కడ కేటలాగ్ ఉండదు, సెర్చ్ బార్ అసలే ఉండదు. వంగి వెతుక్కోవాలి, లేదంటే నోరు తెరిచి అడగాలి.

నేను వెళ్లింది మాత్రం పేరు తెలియని కథ కోసం. రాసిందెవరో కూడా తెలియదు.

అక్కావాళ్లు ఈ మధ్యే డాలస్ నుంచి వచ్చేశారు. వాళ్ల పాపకి తొమ్మిదేళ్లు. కొత్త స్కూల్లో దాని యాసని వెక్కిరిస్తున్నారట. పేరు పెట్టి పిలవరు, 'అమెరికా' అంటారు. ఆటల్లో కలుపుకోరు. ఒక రాత్రి నా పక్కన పడుకుని, "రేపట్నుంచి స్కూల్‌కి వెళ్లను పిన్నీ" అంది. ఏం చెప్పాలో తెలియక నా చిన్నప్పుడు మామయ్య చెప్పిన కథ ఎత్తుకున్నా.

ఒక గ్రహం మీద ఎప్పుడూ వానే. అక్కడి పిల్లలకి ఎండంటే తెలియదు. భూమి నుంచి వచ్చిన ఒక్క పాపకి మాత్రం గుర్తుంది. అది చెప్తే మిగతావాళ్లు నమ్మరు. ఏళ్ల తర్వాత ఎండ వచ్చే రోజున దాన్ని అల్మారాలో తోసి తలుపేస్తారు.

"తర్వాత? తలుపు తీశారా?"

నాకు గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా కథ అక్కడే ఆగిపోయింది. అడుగుదామంటే మామయ్య ఇప్పుడు లేడు.

ఫోన్‌ని అడిగితే సరిపోయేదిగా అంటారా? పేరు దొరికేదేమో. నాకు పుస్తకం కావాలి, దాని చేతిలో పెట్టడానికి. పైగా వరంగల్ నుంచి ఆఫీసు పని మీద వచ్చినప్పుడల్లా మామయ్య పుస్తకాలు కొన్నది ఈ ఫుట్‌పాత్‌ల మీదే.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద రెండు వరసలు రాసుకున్నా. ఖాయంగా గుర్తున్నవి: వాన, ఎండ, అల్మారా. అనుమానంగా ఉన్నవి: గ్రహం పేరు, పాప పేరు. మామయ్య కథలో ఆ పాప పేరు సుజాత. ఇంగ్లిష్ కథలో సుజాత ఎందుకుంటుంది? పిల్లలకి నోరు తిరగాలని ఆయన మార్చేసి ఉంటాడు. అందుకే మొదటి వరసలో ఉన్నవే అందర్నీ అడిగా.

జీపీఓ దగ్గర మొదలుపెట్టి కోఠీ వైపు నడిచా. నలుగురు తల అడ్డంగా ఊపారు. అయిదో దగ్గర ఒక పెద్దాయన, "ఏం గావాలె బేటా?" అన్నాడు. చెప్పా. "వాన కథనా? బ్రాడ్‌బరీ జూడు" అని కుప్పలోంచి 'ది ఇలస్ట్రేటెడ్ మ్యాన్' తీసిచ్చాడు. 1951 నాటి కథల సంపుటి. అందులో 'ది లాంగ్ రెయిన్' ఉంది. శుక్రగ్రహం, ఆగని వాన. కానీ నడుస్తున్నది పిల్లలు కాదు, ఎండలాంటి వెలుగుండే గూడు కోసం వెతుక్కుంటున్న మగాళ్లు.

నా కథ అది కాదు. అయినా ఆ మెట్ల మీదే కూర్చుని చాయ్ తాగుతుంటే అనిపించింది: శుక్రుడి మీద ఒకసారి వాన కురిపించిన రే బ్రాడ్‌బరీ, రెండోసారి కురిపించకూడదని ఏముంది? ఇక పని తేలికైంది. పుస్తకాల వీపుల మీద ఒక్క పేరే వెతకాలి.

మధ్యాహ్నానికి దొరికింది. అట్ట సగం ఊడిన 'ఎ మెడిసిన్ ఫర్ మెలంకలీ'. ఎనభై రూపాయలు. విషయసూచికలో 'ఆల్ సమ్మర్ ఇన్ ఎ డే' అని ఉంది. నిలబడే చదివేశా.

సుజాత అసలు పేరు మార్గో. ఒహాయో నుంచి వచ్చింది. ఏడేళ్లకోసారి, అదీ కాసేపే, వాన ఆగుతుంది. ఆమె సూర్యుడి మీద చిన్న కవిత రాస్తే, నువ్వు రాయలేదు పొమ్మంటాడు ఒక పిల్లాడు. అది నాకు అస్సలు గుర్తులేదు.

1954లో ఈ కథ అచ్చయినప్పుడు శుక్రుడి మబ్బుల కింద ఏముందో ఎవరికీ సరిగ్గా తెలియదు. అన్ని మబ్బులున్నాయంటే వానలే అయ్యుంటాయని చాలామంది రచయితలు ఊహించారు. 1962లో మెరైనర్ 2 నౌక దగ్గరగా వెళ్లి చూస్తే అదొక కొలిమి అని తేలింది. నేల మీద 460 డిగ్రీల సెల్సియస్ పైనే వేడి. మబ్బుల్లో ఉన్నది సల్ఫ్యూరిక్ ఆసిడ్, ఆ చినుకులు నేల దాకా రాకుండానే ఆవిరైపోతాయి. గ్రహం సంగతి అలా తప్పిపోయింది. క్లాస్‌రూమ్ సంగతి మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంతకీ తలుపు తీశారా? తీశారు. కానీ అప్పటికి ఎండ పోయింది, మళ్లీ వాన. తలలు దించుకుని వెళ్లి మెల్లగా తలుపు తీస్తారు. కథ అక్కడితో అయిపోతుంది. మార్గో ఏమందో బ్రాడ్‌బరీ రాయలేదు.

పాప తనే చదువుకుంది. "సారీ చెప్పారా?" అంది. కథలో లేదన్నా. కాసేపు ఆలోచించి పుస్తకం స్కూల్ బ్యాగ్‌లో పెట్టుకుంది. ఎందుకని నేనడగలేదు. పొద్దున యూనిఫాం మాత్రం తనే వేసుకుంది.

మీకూ ఎవరో చెప్పిన కథ ఒకటి సగంలో ఆగిపోయి ఉంటే, ఒక ఆదివారం ఖాళీ చేసుకోండి. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీయే. ఎండ ముదరక ముందే వెళ్లండి, చిల్లర పట్టుకెళ్లండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. 'వాన, ఎండ, అల్మారా' అన్నంత గుర్తుంటే చాలు, అడగండి. ఆ పెద్దాయన లాంటివాళ్లు అక్కడ ఇంకా కూర్చునే ఉన్నారు.