సినిమా పేరున్న బజారు... అందరూ బయటివాళ్లే!

సేఠ్‌జీ వచ్చీరాని తెలుగు మాట్లాడితే హాల్లో నవ్వులు. శ్రీకాకుళం యాస వినిపించినా నవ్వులే! తెరమీద బయటివాళ్లంటే మనకు అంతేనా? ఈ ప్రశ్నకు జవాబు విశాఖలోని పూర్ణా మార్కెట్లో దొరుకుతుంది.

విశాఖలో ఆటో ఎక్కి 'సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ మార్కెట్' అంటే డ్రైవర్ కాస్త ఆలోచిస్తాడు. 'పూర్ణా మార్కెట్' అంటే మాత్రం మారు మాట్లాడకుండా బండి తిప్పేస్తాడు. పెద్దాయన పేరు బోర్డు మీదే ఉండిపోయింది. జనం నోట నిలిచింది దగ్గర్లోని సినిమా హాలు పేరు!

తెల్లారకముందే కూరగాయల బస్తాలు, పూలబుట్టలు, అరటిగెలలు దిగుతుంటాయి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పసుపు కుంకుమలు కొనేవాళ్లతో కాలు పెట్టే చోటుండదు. కాసేపు నిలబడి వింటే తెలుగుతోపాటు ఒడియా, హిందీ, బెంగాలీ, తమిళం చెవినపడతాయి. 'ఏటి కావాలమ్మా?' అని అడిగే వంకాయల అవ్వకు అవన్నీ రావు. అంకెలు వస్తాయి, వేళ్లు చూపించడం వస్తుంది. బేరం కుదరడానికి ఆ మాత్రం చాలు.

ఇంతమంది ఎలా చేరారు? 1933లో ఓడరేవు మొదలైంది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది. ఆయన కంపెనీ పేరే నేటి 'సింధియా'. ఆ తర్వాత నేవీ విస్తరించింది, ఉక్కు కర్మాగారం వచ్చింది. ఒక్కోటీ ఒక్కో ప్రాంతం మనుషుల్ని పట్టుకొచ్చింది. వాళ్లకు వంటింటి సామాన్లు ఇచ్చింది ఇలాంటి బజార్లే.

తెరమీదికొచ్చేసరికి ఈ మనుషులంతా మాయమైపోతారు. వడ్డీలెక్కలు చెప్పే సేఠ్, సలాం కొట్టే గూర్ఖా, బొంబాయి నుంచి దిగే విలన్... ఇవే మూసలు. అక్కడికీ ఆగలేదు. ఉత్తరాంధ్ర యాసను పనివాళ్లకూ అమాయకులకూ అంటగట్టి, మనవాళ్లనే మనకు పరాయివాళ్లను చేశారు. సేఠ్‌ని చూసి నవ్విన విశాఖ ప్రేక్షకుడు, ఆ తర్వాతి సీన్లో తనమీద తానే నవ్వుకోవాల్సి వచ్చింది!

ఈ మూసను బద్దలుకొట్టిన కథలకూ ఈ ఊరే వేదిక కావడం విశేషం. 1978లో బాలచందర్ తీసిన 'మరోచరిత్ర'లో బాలు తమిళుడు, పక్కింటి స్వప్న తెలుగమ్మాయి. భాష రాని ఆ కుర్రాణ్ని చూసి మనం నవ్వుతాం. కానీ ఆ నవ్వు వెక్కిరింత కాదు. గొడవంతా పెద్దవాళ్లది. ఏడాదిపాటు కలుసుకోకూడదని షరతు పెట్టింది కూడా వాళ్లే. మద్రాసులో ఆ సినిమా డబ్బింగ్ లేకుండా, తెలుగులోనే 500 రోజులు దాటి ఆడింది. భాష రాని ప్రేక్షకులూ బాలులాగే ఆ కథలోకి వెళ్లిపోయారు.

నలభై ఏళ్ల తర్వాత, 2018లో వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీశారు. పెళ్లికాని అటెండరు రాజు, ఒడిశా నుంచి వచ్చిన ఆఫీసరు రాధ... ఇద్దరికీ నడివయసు. ఆమె భాషతో హాస్యం పండించాలని దర్శకుడు చూడలేదు. స్థానికులే నటించడంతో ఉత్తరాంధ్ర యాస కూడా తొలిసారి తన ఇంట్లో తాను మాట్లాడుకున్నట్లు వినిపించింది. ఆ కంచరపాలెంలోనే 'బర్మాక్యాంపు' అనే పేట ఉంది. పొట్టకూటికి రంగూన్ వెళ్లి, అక్కడ పరాయివాళ్లై తిరిగొచ్చిన తెలుగువాళ్ల గుర్తు అది!

ఒకప్పుడు ఓడలెక్కి అమెరికా వలసపోయిన ఇటలీ వాళ్లదీ ఇదే కథ. జియాని అమేలియో 'లామెరికా' (1994)లో అల్బేనియాను మోసం చేయబోయిన ఇటలీ కుర్రాడు అన్నీ పోగొట్టుకుని, చివరికి ఆ దేశపు వలసజనంతోనే ఓడెక్కుతాడు. 'తెర్రాఫెర్మా' (2011)లో సిసిలీ దీవి జాలర్లకు పెద్ద సంకటం. సముద్రంలో చిక్కుకున్న పరదేశీయుల్ని ఒడ్డుకు చేర్చకూడదని చట్టం. మునిగిపోయేవాణ్ని వదిలేయకూడదని సముద్ర ధర్మం. ముసలి జాలరి ధర్మం వైపే నిలబడతాడు.

ఇది మన గంగపుత్రులకు తెలియని ధర్మమేం కాదు. శ్రీకాకుళం జాలర్లు 2018లో గుజరాత్ తీరాన వేటకెళ్లి పాకిస్థాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో ఇళ్లకు చేరారు. 2025లో వచ్చిన 'తండేల్'కు ఆధారం వాళ్లే. ఇక్కడ పరాయివాడు మనవాడే! జైలు సన్నివేశాలు మాత్రం దేశభక్తి పోరాటాలతో పాత బాటలోనే నడిచాయి. అటువైపు మనిషి మనసులో ఏముందో చూపించే తెలుగు సినిమా ఇంకా రావాలి.

ఆ కథ రాసే కుర్రాడెవరైనా ఉంటే, ఓ ఉదయం పూర్ణా మార్కెట్‌కి రావాలి. వచ్చీరాని తెలుగుతో బేరమాడే మనిషిని చూసి ఇక్కడెవరూ నవ్వరు. మహా అయితే ఓ రూపాయి తగ్గిస్తారు!