పద్మిని కొంటారా... ముందు పద్దు రాయండి!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత కారు బాగుచేసి చూడు అని మాత్రం అనలేదు. వాళ్ల రోజుల్లో కారుంటేనే గొప్ప, అది పాతదా కొత్తదా అని ఎవరడిగారు! ఇప్పుడైతే మూడోదిగా దీన్నీ చేర్చేవారేమో. ఎందుకంటే, పాత కారు కొన్నప్పుడు ఇచ్చే డబ్బు తొలి వాయిదా మాత్రమే.

గుంటూరులో ఓ ఉద్యోగి. వయసు యాభై దాటింది. చిన్నప్పుడు వాళ్లింట్లో లేత నీలం ప్రీమియర్ పద్మిని ఉండేది. అక్క పెళ్లి ఖర్చులకి నాన్న దాన్ని అమ్మేశారు. అలాంటి బండి మళ్లీ ఇంటి ముందు నిలబెట్టాలన్నది ఆయన కోరిక. భార్య కాదనలేదు. ఒకే ఒక్క షరతు పెట్టింది.

''కొనండి. కానీ అమ్మాయి ఫీజు డబ్బు జోలికి రాకూడదు. ముందు ఖర్చంతా రాసి చూపించండి.''

పద్మిని చిన్న కారే. 1089 సీసీ ఇంజిను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. ఇటలీ ఫియట్ 1100 దీని మాతృక. ముంబయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్‌లో తయారయ్యేది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక దీని జోరు తగ్గింది. ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది.

ఆయన చూసిన మొదటి బండి అద్దంలా మెరిసిపోతోంది. అడ్వాన్సు జేబులోనే ఉంది. వెంట వచ్చిన ఆటోనగర్ మెకానిక్కు మాత్రం జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. పల్చటి గుడ్డ చుట్టి తలుపు కింది అంచున పెట్టాడు. అంటుకోలేదు. ''సార్, ఇక్కడ రేకు లేదు. అంతా పుట్టీయే'' అన్నాడు. ఇంజినుకి విడిభాగాలు వెతికి తెచ్చుకోవచ్చు. తుప్పు తిన్న బాడీని కోసి, కొత్త రేకు అతికించాలంటే మాత్రం పని ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఆయన మనసు చంపుకుని వెనక్కి వచ్చేశారు.

రెండోది 1985 మోడల్. రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగాయి. కానీ అడుగు రేకు గట్టిగా ఉంది. ఆర్సీలో ఉన్న ఇంజిను, ఛాసిస్ నంబర్లే బండి మీదా ఉన్నాయి. అప్పు బాకీ లేదు. బేరం కుదిరింది.

ఇక కాగితాల ఖర్చు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ప్రతి అయిదేళ్లకీ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, బీమా అదనం. యాభై ఏళ్లు దాటితే 2021 నాటి నిబంధనల కింద 'వింటేజ్' నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 కట్టాలి. కానీ ఆ బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు.

ట్యూనింగ్ మాట వచ్చేసరికి మేనల్లుడు హుషారుగా ముందుకొచ్చాడు. ''మావయ్యా, కొత్త ఇంజిను పెట్టించేద్దాం, రయ్యిమంటుంది!'' అన్నాడు. రయ్యిమనడం సరే... అనుమతి లేకుండా బండి స్వరూపం మారిస్తే చట్టం ఊరుకోదు. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, ఒక్కోసారి రెండూ.

మెకానిక్కు చెప్పిన ట్యూనింగ్ వేరు. కార్బ్యురేటర్ విప్పి కడగాలి. ప్లగ్గులు మార్చాలి. పాయింట్ల గ్యాపు, టైమింగు, వాల్వుల సందు సరిచేయాలి. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం తీసేసి దాన్ని తట్టుకునేవి వేయాలి. మన ఎండలకి ఇంజిను పక్కనున్న పంపులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంటుంది. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగడమే దానికి పాతకాలపు వైద్యం. గుడ్డకయ్యే ఖర్చేమీ లేదు, ఓపిక కావాలంతే!

దంపతులిద్దరూ కూర్చుని ఓ లెక్క వేసుకున్నారు. బండికి లక్ష పెడితే బాగుచేయడానికి మరో లక్ష, అనుకోని ఖర్చులకి పాతిక వేలు. ఈ మూడూ చేతిలో ఉంటేనే బేరానికి వెళ్లాలి. వరస కూడా ముందే రాసుకున్నారు. మొదట బ్రేకులు, టైర్లు. తర్వాత వైరింగు, రేడియేటరు. ఆపైన ఇంజిను. అందరూ మొదట చేయించే రంగు, సీట్లు చిట్టచివర.

అనుకున్నట్టే బ్రేకుల దగ్గర పాతిక వేలూ కరిగిపోయాయి. రంగుకి డబ్బు చాలలేదు. ఫీజు డబ్బు బ్యాంకులో ఉంది. ఒక్క సంతకం చాలు. ఆయన పెట్టలేదు. 'రంగు - వచ్చే ఏడాది' అని పద్దులో కొట్టేశారు.

సంక్రాంతికి ఒంగోలు నుంచి అక్క వచ్చింది. వెలిసిపోయిన బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. ''నా పెళ్లికి పోయిందిరా ఆ బండి. దీని రంగు ఖర్చు నాది'' అంది. తమ్ముడు వద్దన్నా వినలేదు.

ఆయన భార్య పుస్తకం తెరిచింది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న జమ వైపు మొదటి అంకె రాసింది.