గండికోట వాకిట్లో

కీర్తనల గ్రంథంలో దావీదు దేవుణ్ణి కోట అనీ, ఆశ్రయదుర్గమనీ ఎన్నోసార్లు పిలిచాడు. ఆ మాటలు మనం ఆరాధనలో పలుకుతూనే ఉంటాం. అయితే కోటను కళ్లారా చూసినవారు మన గ్రామ సంఘాలలో ఎందరుంటారు? మా సంఘంలో లెక్కపెడితే నలుగురే తేలారు. అందుచేత ఈ ఏడు శనగ కోతలు ముగిశాక, ఎండలు ముదరకముందే స్త్రీల సహవాసము వారితోను, పిల్లలతోను కలిసి గండికోటకు ప్రయాణమయ్యాము. మొత్తం ఇరవై ఆరుగురం. అందరిలో పెద్దది డెబ్బై ఏళ్లు దాటిన ఒక అవ్వ. మోకాళ్ల నొప్పులున్నాయి, వద్దమ్మా అంటే వినలేదు. "దావీదు కోట చూడాల నాయనా" అంది. ఇది దావీదు కోట కాదని చెప్పినా ఆమెకు పట్టలేదు.

గండికోట కడప జిల్లాలో, జమ్మలమడుగుకు పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. రైలులో వచ్చేవారు ముద్దనూరులో దిగవచ్చు. జమ్మలమడుగు అనగానే మన పెద్దలకు గుర్తొచ్చేది లండన్ మిషనువారు స్థాపించిన కాంబెల్ ఆసుపత్రి. మాతో వచ్చినవారిలో ముగ్గురు అక్కడే పుట్టారట. ఆ సంగతులు చెప్పుకుంటూ ఉండగానే ఎర్రమల కొండలు దగ్గరపడ్డాయి.

సేద్యం చేసేవారికి గండి అనే మాట వింటేనే గుండె జారుతుంది. చెరువుకు గండి పడిందంటే ఆ యేడు నోటి దగ్గరి కూడు పోయినట్టే. ఇక్కడ మాత్రం గండే రక్షణ. పెన్నానది ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పోయి, కోటకు ఉత్తరం వైపున సుమారు మూడు వందల అడుగుల లోతైన లోయను చేసింది. ఆ వైపున మనుష్యుడు కట్టవలసిన గోడ లేకుండా పోయింది. అంచున నిలబడితే ఇరువైపులా ఎర్రని బండలు, ఎవరో ఇటుకలు పేర్చినట్టు వరుసలు వరుసలుగా కనబడతాయి. అడుగున నది. చిన్నపిల్లలు బండల మీదికి పరుగెత్తబోతుంటే మాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వారి చేతులు పట్టుకోవడంతోనే సగం పొద్దు గడిచింది. పిల్లలతో వెళ్లేవారు ఈ సంగతి మరువకూడదు, అక్కడ బండకు అంచు తప్ప అడ్డు లేదు.

నది లేని వైపున ఎర్రరాతి గోడలు, బురుజులు ఉన్నాయి. ఇనుప రేకులు, మేకులు కొట్టిన పెద్ద తలుపులను దాటి లోపలికి వెళ్లాము. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడనుండి ఏలారు. 1650 ప్రాంతాలలో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొన్నాడు. తరువాత కడప నవాబులు, మైసూరు పాలకులు, చివరికి ఇంగ్లీషువారు. నాలుగు మిద్దెల ఎత్తున గోపురం గల మాధవరాయ ఆలయం, రంగనాథుని ఆలయం, జామియా మసీదు, చెరసాల, అన్నీ ఆ ఆవరణలోనే ఉన్నాయి.

1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు మీర్ జుమ్లాను కలుసుకొనడానికి ఇక్కడికి వచ్చి, తాను చూసినది రాసి పెట్టాడు. పైకి ఎక్కే దారి చాలా ఇరుకు, ఒక ప్రక్క భయంకరమైన లోయ అని రాశాడు. ఫిరంగులు పోతపోసే పని గురించి కూడా రాశాడు. మాకు వాటికంటె నచ్చినది మరొక సంగతి. కొండమీది సమతలంలో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయనీ, ఊటలు ఆ పొలాలను తడుపుతున్నాయనీ ఆయన గమనించాడు. రాతిగోడ శత్రువును ఆపగలదు గాని ఆకలిని ఆపలేదు గదా. కోట నిలిచేది గింజ మీద, నీటి మీద.

ఆ గింజను దాచిన గాదె మసీదు దగ్గరే ఉంది. ఎంత పెద్ద కట్టడమో! బలమైన రాతిగోడలు, లోపల కమానులు తిరిగిన పైకప్పు. బయటి ఎండనుండి లోపలికి అడుగుపెడితే ఒళ్లంతా చల్లబడింది. పిల్లలు కేకలు వేసి తమ గొంతులు తిరిగి వినబడుతుంటే నవ్వుకొన్నారు. అవ్వ మాత్రం గోడకు చేరగిలబడి చాలాసేపు పైకప్పు వంక చూసింది. తరువాత అడిగింది:

"ఇన్ని గింజలు యాటివి?"

కింది ఊళ్లనుండి వచ్చినవే అని అయ్యగారు చెప్పారు.

"అయితే శత్రువొచ్చి ఆ తలుపులు మూసినప్పుడు, మనోళ్లు లోపలుండ్రా, బయటుండ్రా?"

మా తాతల ఇండ్లు ఊరి లోపల ఉండేవి కావు, పొలిమేరలో ఉండేవి. పొలం పని వారిది, కల్లంలో తూర్పార పట్టేది వారే, మూటలు మోసేదీ వారే. అవ్వ ఏమి అడుగుతున్నదో మాలో ప్రతివారికీ తెలిసింది. అప్పటివరకు కబుర్లాడుతున్న స్త్రీలు కూడా ఊరుకొన్నారు.

కొంతసేపటికి అయ్యగారు యెహోషువ గ్రంథం ఇరవయ్యో అధ్యాయం జ్ఞాపకం చేశారు. ఇశ్రాయేలీయుల దేశంలో ఆశ్రయపురములు ఆరు, యొర్దానుకు ఇవతల మూడు, అవతల మూడు. తెలియక ప్రాణం తీసినవాడు అక్కడికి పారిపోవచ్చును. స్వజనులకే కాదు, వారి మధ్య నివసించే పరదేశికి కూడా అందులో చోటుంది. అక్కడికి చేరే దారిని సిద్ధపరచి ఉంచాలని ద్వితీయోపదేశకాండములో ఆజ్ఞ ఉంది. అవ్వ తల ఊపింది. కాని ఆమె అడిగినది ఆ పురముల సంగతి కాదు. ఈ గాదె సంగతి.

మధ్యాహ్నం చెట్టు నీడన చిత్రాన్నం, జొన్నరొట్టెలు, శెనక్కాయల పచ్చడి తిన్నాము. ఎదుట రాయల చెరువు. నీటి మాట వచ్చినప్పుడు ఎగువనున్న గండికోట జలాశయం గురించి మాట్లాడుకొన్నాము. దానిలో 26.85 టి.ఎం.సి.ల నీరు పడుతుంది. సీమ పొలాలకు అది ఎంతో ఆదరువు. అయితే దానికోసం తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు 2020లో ఖాళీ అయిపోయాయి. మాలో ఒకామె మేనత్త ఇల్లు ఆ నీళ్లకిందనే ఉంది. తాను పెండ్లికూతురుగా మొదట అడుగుపెట్టిన గడపను మేనత్త ఇప్పటికీ కలవరిస్తుందని ఆమె చెప్పింది. ఆ గడపకు ఏ లెక్క కట్టి ఇవ్వగలరు?

తిరుగుదారిలో మా నీళ్లు అయిపోయాయి. మాది తప్పే, ఇరవై ఆరుగురికి రెండు క్యానులు ఏమూల? కోటలోపల ఇప్పటికీ ఒక చిన్న ఊరు ఉంది. అరుగుమీద చేట పట్టుకొని కూర్చున్న ఒకామె అవ్వ నడక చూసి లేచివచ్చింది. "రామ్మా, నీడకు కూచో" అని చేయి పట్టుకొని అరుగు ఎక్కించింది. కుండలోనుండి చెంబుతో ముంచి ఇచ్చింది. తరువాత పిల్లలకు, ఆ తరువాత మా అందరికీ. కుండ ఖాళీ అయితే లోపలినుండి మరొక బిందె తెచ్చింది. అవ్వ తాగిన చెంబుతోనే తానూ తాగి, "ఏ ఊరు మీది?" అని అప్పుడు అడిగింది.

అవ్వ ఊరి పేరు చెప్పింది. అడగకపోయినా, మేము ఎవరి బిడ్డలమో, ఊరిలో ఏ ప్రక్క ఉంటామో కూడా చెప్పింది. ఆమె "ఊఁ" అని, మరొక చెంబు ముంచి అవ్వ చేతికిచ్చింది.

పెద్ద తలుపుల దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. మేకల మంద ఇంటిముఖం పట్టి లోపలికి వస్తున్నది. అవ్వ ఇనుప మేకులమీద చేయి ఆనించి ప్రక్కకు తప్పుకొంది. కుంటుతూ వచ్చే కడపటి పిల్ల కూడా లోపలికి పోయేవరకు అక్కడే నిలబడి, ఆ తరువాత మావెంట బయటికి వచ్చింది.